సత్యలింగం మేష్టారి స్లీపర్ బస్సు

నల్లమిల్లిపేటలో రిబ్బను కత్తిరించడానికి వచ్చిన ఒక మంత్రిగారు కారు దిగుతూ, పక్కనున్న మెకానిక్ పారబోసిన పాత నూనె మీద కాలేశారు. కాలు ముందుకెళ్ళింది, మంత్రిగారు వెనక్కెళ్ళారు. గంజి పెట్టిన తెల్లపంచె మీద జిల్లా మ్యాపంత నల్లమరక పడింది. దండ వెయ్యడానికి నిలబడ్డవాళ్ళు ఆ దండతోనే ఆయన్ని పైకి లేపాల్సొచ్చింది.

ఆ మరక ఆరకముందే ఒక ఉత్తర్వు పుట్టింది. ఉత్తర్వుని అమలు చెయ్యడానికి ఒక సంస్థ పుట్టింది. తైల మార్పిడి నియంత్రణ, పర్యవేక్షణ మరియు ప్రోత్సాహక సంస్థ అని దానికి పేరు పెట్టారు. నియంత్రించేదాన్నే మళ్ళీ ప్రోత్సహించడం ఎలాగని అడిగినవాడు లేడు. బల్లలు, కుర్చీలు, ప్యూన్లు వచ్చేశాక అలాంటివి అడగడం మర్యాద కాదు.

ఈ సంగతి పేపర్లో చదివి సత్యలింగం మేష్టారు హాయిగా నవ్వుకున్నారు. ఆయనకి కారు లేదు. స్కూటరు లేదు. ఉన్నదల్లా సైకిలు, దానికి గొలుసు మీద రెండు చుక్కలు వేస్తే ఏడాది గడిచిపోతుంది.

మేష్టారు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. సర్వీసంతా పిల్లల చేత కుండలూ మామిడికాయలూ గీయించారు. గీసి గీసి, ఒక్కసారైనా ఆ గుండ్రాన్ని చేత్తో పట్టుకోవాలని ఆయనకో కోరిక ఉండిపోయింది. అందుకని రిటైరయ్యాక ఒక చిన్న లేత్ మిషను కొనుక్కుని పెరటి షెడ్డులో బిగించుకున్నారు. లోహపు కడ్డీని ఒక చివర పట్టుకుని గిర్రున తిప్పుతుంటే, పక్కనుంచి పనిముట్టుతో దాన్ని చెక్కే యంత్రం అది. మేష్టారు దాని మీద ఇత్తడి బొంగరాలు, గొళ్ళాలు, కుంకుమ భరిణెలు చేసేవారు. ఇంట్లో కుంకుమ కంటే భరిణెలు ఎక్కువయ్యాయని ఆయన భార్య రాజ్యం అనేది. అలా అంటూనే పేరంటానికి వచ్చినవాళ్ళకి తలా ఒకటి ఇచ్చి పంపేది.

ఆ వీధి మొగలో గంగరత్నం ఇడ్లీ కొట్టుంది. ఒకరోజు పొద్దున్నే ఆవిడ కొంగులో ఏదో మూటకట్టుకుని వచ్చింది.

"మేష్టారూ, నా రుబ్బురోలు మిషను ఆగిపోయిందండీ. లోపల ఈ బుష్షు అరిగిపోయిందంట. బజారంతా తిరిగాను. ఆ కంపెనీయే మూతపడిందంటున్నారు. మీ మిషను మీద ఇలాంటిది చేసి పెడతారా?"

మేష్టారు ఆ అరిగిపోయిన ఇత్తడి గొట్టాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురులో తిప్పి చూశారు. ఇన్నాళ్ళూ బొంగరాలు చేసిన చేతికి మొదటిసారి ఒకరికి పనికొచ్చే పని వచ్చింది. ఆయన గొంతు కొంచెం పెద్దదైంది.

"ఎంతలో పనమ్మా! రేపీపాటికి నీ చేతిలో పెడతాను."

గంగరత్నం వెళ్ళగానే మిషను ఆన్ చేశారు. కిర్రుమంది. గేర్లున్న పెట్టెకి ఒక చిన్న గాజు కన్ను ఉంటుంది, లోపల నూనె ఎలా ఉందో అందులోంచి కనబడుతుంది. చూస్తే చిక్కటి కాఫీ డికాషన్‌లా ఉంది. మేష్టారు వెంటనే ఆపేశారు. ఆ నూనెతో నడిపితే గేర్లు నమిలేసుకుంటాయి. పాతది తీసేసి కొత్తది పోస్తే సరి, అనుకుంటూ ఖాళీ సీసా సంచిలో వేసుకుని బుల్లెయ్య ఆయిల్ షాపుకి బయల్దేరారు.

"బండి నంబరు చెప్పండి మేష్టారూ," అన్నాడు బుల్లెయ్య.

"బండి కాదయ్యా, లేత్ మిషనుకి."

"నంబరు చెప్పకుండా నూనె అమ్మితే షాపు సీలు వేస్తామన్నారండి."

"తలకి రాసుకునే నూనె కొంటే తలకి నంబరు అడుగుతావా?"

బుల్లెయ్య నొచ్చుకున్నాడు. "అది రాసుకునేదండి. ఇది మార్చేది. మార్చే నూనెకే రూలు. ఆ ఆఫీసుకెళ్ళి ఒక నంబరు తెచ్చుకోండి, డబ్బా మీ ఇంటికి నేనే మోసుకొస్తాను."

అలా మేష్టారు తైలాధికారి విన్నకోట ఫణీంద్రగారి ఎదుట కూర్చున్నారు. ఫణీంద్రగారు మాట్లాడితే ఎవరో ఫైలు చదువుతున్నట్టుండేది. ఇంట్లో పప్పులో ఉప్పు తగ్గినా 'లవణ విషయమై పునఃపరిశీలన కోరడమైనది' అంటారని బయట ప్యూను చెప్పాడు. మేష్టారు నమ్మలేదు. లోపలికెళ్ళాక నమ్మారు.

"తమరి విన్నపము శ్రద్ధగా ఆలకించడమైనది," అన్నారు ఫణీంద్రగారు. "సదరు యంత్రము వాహనము కాదని తమరు ఏ ఆధారముతో వాదించుచున్నారు?"

"అది కదలదండీ."

"కదలకపోవుట వాహనమునకు అనర్హత కాదు. కిటికీలోనుండి చూడవలసినది."

మేష్టారు చూశారు. ఆవరణలో నాలుగు ఇటుకల మీద ఒక జీపు నిలబడి ఉంది. దాని మీదకి గుమ్మడిపాదు పాకి, ముందు భాగాన ఒక కాయ కూడా కాసింది.

"అది ఈ కార్యాలయపు వాహనము. దానికిని క్రమము తప్పక తైలము మార్చుచున్నాము." ఫణీంద్రగారు ఒక పుస్తకం తీసి వేలు పెట్టారు. "మూడవ నిబంధన. వాహనము అనగా తైలము మార్చబడునది. తమరి యంత్రమునందు తైలము మార్చవలసియున్నదా?"

"ఉందండీ, అందుకే కదా..."

"తమరే అంగీకరించితిరి."

మేష్టారు ఒక్క క్షణం ఆలోచించి తెలివిగా అన్నారు. "పోనీ మార్చనండీ. పాతది అలాగే ఉంచి పైన కొత్తది పోసుకుంటాను."

ఫణీంద్రగారి ముఖం కఠినమైంది. "పాతదానిలో క్రొత్తది కలుపుట కల్తీ అగును. కల్తీకి వేరొక శాఖ కలదు. వారు మావలె మృదువుగా మాట్లాడరు."

మేష్టారు రిజిస్ట్రేషనుకి ఒప్పుకున్నారు. ఒక నంబరే కదా, పడేస్తే పోలేదా అనుకున్నారు. ఇంటికొస్తూ గంగరత్నం కొట్టు ముందునుంచి కాకుండా వెనక సందులోంచి వచ్చారు.

తనిఖీకి జోగారావు అనే ఇన్స్పెక్టరు వచ్చాడు. మంచివాడు, మర్యాదస్తుడు. షెడ్డులోకి అడుగుపెడుతూ చెప్పులు కూడా బయటే విడిచాడు. "ఏ భాగాన్ని ఏమంటారో కాస్త వివరంగా చెప్పండి మేష్టారూ," అన్నాడు.

మేష్టారి కొంప ముంచింది ఆ మాటే. ఆ మిషను కొన్ననాటినుంచి దాని గురించి వివరంగా చెప్పమని ఆయన్ని అడిగిన మనిషి లేడు. రాజ్యం షెడ్డు గుమ్మం దాటేది కాదు. మేష్టారు పొంగిపోయి, గుడ్డతో ఒక్కొక్క భాగాన్నీ తుడుస్తూ మొదలుపెట్టారు.

"ఇటువైపు ఉన్నది హెడ్‌స్టాక్. అటు చివరది టెయిల్‌స్టాక్."

"ముందూ వెనకా ఉన్నాయి," అని జోగారావు రాసుకున్నాడు.

"మధ్యలో అటూ ఇటూ నడిచేది క్యారేజీ."

"నడుస్తుందా?"

"చక్కగా నడుస్తుంది. ఈ చక్రం తిప్పితే చాలు."

"స్టీరింగు," అని రాసుకున్నాడు. "కింద ఈ పొడుగాటి ఇనప పట్టాలేంటండీ?"

"అది బెడ్."

జోగారావు తలెత్తాడు. "బెడ్డా? పడుకుంటారా?"

మేష్టారికి నవ్వొచ్చింది. "ఎవరు పడుకుంటారండీ? మధ్యాహ్నం పూట మా పిల్లి పడుకుంటుందంతే."

జోగారావు పెన్ను ఆపి, ఆ ఇనప పట్టాలని గౌరవంగా తడిమి చూశాడు. "క్యారేజీ ఉంది, బెడ్ ఉంది, పడుకుని ప్రయాణించే జీవి ఉంది. మేష్టారూ, ఇది స్లీపర్ బస్సండీ."

"బస్సేంటి బాబూ!"

"కంగారుపడకండి. ఒకటే బెర్తు కాబట్టి చిన్న తరహా కిందకి వస్తుంది." తర్వాత అతని చూపు మిషను మీద ఉన్న వేగాల పట్టిక మీద పడింది. "వెయ్యిన్ని రెండువందల యాభై అని ఉంది. గంటకా?"

"నిమిషానికండీ."

జోగారావు వెనక్కి తగ్గి గోడకి ఆనుకున్నాడు. రాజ్యం మంచినీళ్ళు తెచ్చింది. సగం గ్లాసు తాగాక అతను నెమ్మదిగా అన్నాడు. "వీధిలో పిల్లాజెల్లా తిరుగుతుంటారు. నిమిషానికి వెయ్యి అంటే... నా సర్వీసులో చూళ్ళేదు."

బస్సని తేలాక మిగతావి వాటంతటవే వచ్చాయి. షెడ్డు వెనక గోడ బద్దలుకొట్టించి అత్యవసర ద్వారం పెట్టించారు. దాంతో షెడ్డులోకి మేకలు రావడం మొదలైంది. ప్రథమ చికిత్స పెట్టె, మంటలార్పే సిలిండరు గోడకెక్కాయి. టెయిల్‌స్టాక్ పక్కన 'స్త్రీలకు మాత్రమే' అని బోర్డు తగిలించారు. మగపిల్లి కావడంతో పాపం ఆ సగం వదిలేసి ఇటు సగంలో ముడుచుకుని పడుకోవాల్సి వచ్చింది. ముందొక నంబరు ప్లేటు, వెనకొక నంబరు ప్లేటు బిగించారు. బండన్నాక దిష్టి తగలకూడదని రాజ్యం నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి కట్టింది.

మేష్టారు ఆ నంబరు పట్టుకుని బుల్లెయ్య దగ్గరికి పరుగెత్తారు. బుల్లెయ్య సంతోషించి, నంబరు రాసుకుని, డ్రైవరు లైసెన్సు చూపించమన్నాడు.

గంగరత్నం మళ్ళీ వచ్చింది. షెడ్డు గుమ్మంలో నిలబడి నంబరు ప్లేట్లకేసి, నిమ్మకాయకేసి మార్చి మార్చి చూసింది.

"మేష్టారూ, నేను బుష్షు అడిగితే మీరు బస్సు తెచ్చారేంటండీ?"

మేష్టారు ఆవిడ చేతికేసి చూశారు. కుడి చెయ్యి మోచేతిదాకా వాచి ఉంది. దానికి పసుపూ సున్నం పట్టు వేసి ఉంది. మిషను లేక రోట్లో రుబ్బుతోందిట. మినప్పప్పు ఒక చేత్తో రుబ్బి, ఆ చెయ్యి వాచాక రెండో చేత్తో రుబ్బుతోంది. ఇప్పుడది కూడా పట్టేసింది. రేపట్నుంచి ఉప్మాతో సరిపెడతానని, అది తినడానికి ఎవరొస్తారో చూడాలని అంది. విసుక్కోలేదు. అది మేష్టారికి ఇంకా కష్టమనిపించింది.

ఆవిడ వెళ్ళాక ఉండబట్టలేక, ఏదైతే అదయిందని ఆ నల్ల నూనెతోనే మిషను తిప్పారు. కీచుమని ఒక అరుపు అరిచింది. పెట్టెలోంచి కాలిన వాసన వచ్చింది. గబుక్కున ఆపేశారు. గేరు ఒక్క పన్ను విరిగిందంటే బుష్షూ ఉండదు, లేతూ ఉండదు. ఆ యంత్రం మీద చెయ్యి వేసి, జ్వరమొచ్చిన పిల్లాడి పక్కన కూర్చున్నట్టు కాసేపు కూర్చున్నారు. తర్వాత లేచి లైసెన్సు కోసం వెళ్ళారు.

పరీక్ష ఊరి బయట మైదానంలో పెట్టారు. బస్సు వెంట తీసుకురావాలన్నారు కాబట్టి లేత్‌ని ట్రాక్టరు మీద ఎక్కించి తీసుకెళ్ళారు. పక్క టీ కొట్టునుంచి కరెంటు వైరు లాగారు. జోగారావు విజిలు మెళ్ళో వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఎక్కండి మేష్టారూ."

"ఎక్కేది కాదండీ. పక్కన నిలబడి నడుపుతాం."

"ఫుట్‌బోర్డు ప్రయాణం నేరం," అన్నాడు జోగారావు బాధగా. టీ కొట్టువాడు ఒక స్టూలు ఇచ్చాడు. మేష్టారు కూర్చున్నారు.

"ఇప్పుడు ఎనిమిది వెయ్యండి."

మైదానం చుట్టూ చేరిన జనం ఊపిరి బిగబట్టారు. మేష్టారు జేబు తడుముకున్నారు. పాత అలవాటు, అందులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది. లేచి మిషను రేకు మూత మీద ఒక్క గీతలో, చెయ్యి తియ్యకుండా ఎనిమిది వేశారు. పై సున్నా, కింది సున్నా ముత్యాల్లా కుదిరాయి.

జోగారావు వంగి పరిశీలించాడు. "గీత ఎక్కడా తాకలేదు. ఎంతమందిని చూశానండీ, ఇంత అందంగా ఎనిమిది వేసినవాడు లేడు. ఇప్పుడు రివర్సు."

మేష్టారు మీట తిప్పారు. లేత్ కీచుమంటూ వెనక్కి తిరిగింది, వెంటనే ఆపేశారు. జోగారావు చుట్టూ ఒక తిరుగు తిరిగి చూసి, ఏ గోడకీ తగల్లేదనీ, ఏ మనిషికీ దెబ్బ తగల్లేదనీ, పైగా హారను చాలా బాగా మోగిందనీ ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. మేష్టారికి భారీ వాహనాల లైసెన్సు వచ్చింది.

నంబరుంది, లైసెన్సుంది. ఇక నూనె ఇవ్వడమే అనుకుంటుంటే ఫణీంద్రగారు కబురు పెట్టారు.

"తమరి బస్సు ఏ మార్గమున నడచునో తెలుపకయున్నారు. మార్గము లేని బస్సునకు తైలము దుబారా అగును."

"అది షెడ్డులోనే ఉంటుందండీ."

"అటులనే వ్రాయుదము. షెడ్డు నుండి షెడ్డు వరకు. మధ్యలో ఆగు స్థలము?"

"షెడ్డేనండీ," అన్నారు మేష్టారు నీరసంగా.

ఆ వివరం బస్టాండు బోర్డు మీదకి కూడా ఎక్కుతుందని ఆయనకి తెలీదు. మర్నాడు పొద్దున్నే ఒక పెద్ద కుటుంబం ట్రంకుపెట్టెతో, పరుపుచుట్టతో, నీళ్ళ కూజాతో అత్యవసర ద్వారంలోంచి షెడ్డులోకి వచ్చేసింది.

"బస్సెక్కడండీ?" అన్నాడు కుటుంబ పెద్ద.

"బస్సు కాదు బాబూ. ఇది లేత్."

"లేటని తెలుసండీ. ఎప్పుడు లేటు కాదు కనక! ఎంత లేటో చెప్పండి."

"అయ్యా, లేత్!"

"అదే, ఎంత?"

వాళ్ళు పరుపు పరిచి కూర్చున్నారు. ఇంకో నలుగురొచ్చారు. రాజ్యం అందరికీ మజ్జిగ కలిపింది. ఒకావిడ 'స్త్రీలకు మాత్రమే' బోర్డు కింద కూర్చున్న ఒక పెద్దమనిషిని లేచి వెళ్ళమని దెబ్బలాడింది. ఆ పెద్దమనిషి ఇటు పక్కకొచ్చి, స్టూలు మీద కూర్చుని, గోడకి తల ఆనించి నిద్రపోయాడు. మధ్యాహ్నానికి మెలకువొచ్చి కళ్ళు నులుముకున్నాడు.

"ఏ ఊరొచ్చిందండీ?"

"నల్లమిల్లిపేటే," అన్నారు మేష్టారు.

"దిగిపోవాల్సింది ఇక్కడే. ఒక్క కుదుపు లేదు సుమండీ!" అని సంచీ భుజాన వేసుకున్నాడు.

మేష్టారికి ఆశ్చర్యమేసింది. "తమరు ఎక్కిందెక్కడండీ?"

"ఇక్కడే. ఎక్కడికో వెళ్ళాలని కాదు లెండి. ఇంట్లోంచి బయటికి రావాలి, అంతే." ఆయన చాలా తృప్తిగా వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఇద్దరు స్నేహితుల్ని కూడా తెచ్చాడు.

మేష్టారు తైలాధికారి బల్ల ముందు మూడోసారి నిలబడ్డప్పుడు ఇక బతిమాలలేదు. కూర్చోలేదు కూడా.

"అయ్యా, మీరు బస్సంటే బస్సన్నాను. నేను డ్రైవరంటే డ్రైవరన్నాను. మా వీధిలో ఒకావిడ రెండు చేతులూ వాచి కూర్చుంది. ఆవిడ కొట్టు మూసేస్తే ఆ ఇంటికి ఇంకో ఆధారం లేదు. నాకు కావలసింది ఒక లీటరు నూనె. ఇస్తారా, ఆ జీపులోంచి నన్నే పట్టుకోమంటారా?"

జీపు మాట రాగానే ఫణీంద్రగారు ఉలిక్కిపడ్డారు. ఎందుకంటే ప్రతినెలా మార్చిన నూనె అందులో ఉందో లేదో ఎవరూ మూత తీసి చూడలేదు. "తమరి ఆవేదన పరిగణనలోనికి తీసుకొనడమైనది," అన్నారు తొందరగా. "తైల మార్పిడి రేపే జరుపబడును. మొట్టమొదటి అధీకృత మార్పిడి గావున మేమే స్వయముగా విచ్చేయుదుము."

విచ్చేశారు. ఫణీంద్రగారు తెల్ల బూట్లు వేసుకున్నారు. జోగారావు విజిలు తెచ్చాడు. ప్యూను నూనె డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చాడు. షెడ్డు బయట వీధిలోవాళ్ళంతా మూగారు. గంగరత్నం వాచిన చేతుల్ని కొంగులో దాచుకుని ముందు వరసలో నిలబడింది.

మేష్టారు పని మొదలుపెట్టారు. అడుగున ఉన్న మర కొంచెం కొంచెంగా విప్పారు. నల్లటి నూనె సన్నటి ధారగా పళ్ళెంలోకి దిగింది. అందులో ఇత్తడి పొడి తళతళ మెరిసింది. చివరి బొట్టు రాలేదాకా ఓపిగ్గా కూర్చున్నారు. మర బిగించి, పై మూత తీసి, లోపలున్న మడ్డి అంతా గుడ్డతో తుడిచారు. ఇన్నాళ్ళ చిరాకు ఆ మడ్డితోపాటే పోతున్నట్టనిపించింది ఆయనకి. తర్వాత డ్రమ్ములోంచి చెంబుతో కొత్త నూనె ముంచి పోశారు. తేనెరంగు నూనె గాజు కన్నులో నెమ్మదిగా పైకి లేచి సగానికి వచ్చింది.

"చాలు," అన్నారు మేష్టారు. చెంబు కింద పెట్టారు.

"చాలదు," అన్నారు ఫణీంద్రగారు.

"ఈ కన్నులో సగం వరకే పోయాలండీ."

"స్లీపర్ బస్సు వర్గమునకు పదునైదు లీటర్లు మంజూరైనవి. తమరు పోసినది ఒక లీటరు మాత్రమే. మిగిలినదానిని నేను కార్యాలయమునకు తిరిగి తీసికొనిపోయినచో, మంజూరైనదానికంటె తక్కువ వాడినట్లు తేలును. అది దుర్వినియోగము. పోయుము!"

ప్యూను డ్రమ్ము ఎత్తాడు. పెట్టె నిండింది. గాజు కన్ను మునిగింది. పైనుంచి పొంగి బెడ్ మీదకి, బెడ్ మీదనుంచి నేల మీదకి నూనె దిగింది. బెడ్ మీద పడుకున్న పిల్లి ఒక్క ఉదుటున అత్యవసర ద్వారంలోంచి దూకింది. ఆ ద్వారం దాని అవసరానికి పనికిరావడం అదే మొదలు. నూనె గచ్చంతా పరుచుకుంటోంది. మేష్టారు స్టూలు ఎక్కేశారు.

"ఆపండయ్యా, జారతారు!"

"ఆపరాదు. ఇంకను కొంత కలదు," అంటూ ఫణీంద్రగారు దగ్గరగా చూడ్డానికి ఒకడుగు ముందుకేశారు.

ఆ అడుగు ఆగలేదు. తెల్ల బూటు ముందుకెళ్ళింది. పడకుండా ఉండడానికి జోగారావు చొక్కా పట్టుకున్నారు. జోగారావు ప్యూన్ని పట్టుకున్నాడు. ప్యూను డ్రమ్ముని పట్టుకున్నాడు. నలుగురూ, అంటే డ్రమ్ముతో కలిపి, రైలు పెట్టెల్లా ఒకరి వెనక ఒకరు షెడ్డులోంచి బయటికి, బయట వాలుగా ఉన్న గచ్చు మీదనుంచి వీధిలోకి, వీధిలోంచి మురిక్కాలవ దాకా సాఫీగా ప్రయాణం చేశారు. దారిపొడుగునా జోగారావు విజిలు మోగుతూనే ఉంది. నోట్లోంచి తీసే వీల్లేకపోయింది.

"ఉపేక్షించబడదు!" అని కాలవలోంచి వినిపించింది.

జనం పరుగెత్తి వాళ్ళని లేపి ఆటోలో ఎక్కించారు. అంతా సద్దుమణిగాక షెడ్డులో మేష్టారు, రాజ్యం, గంగరత్నం మిగిలారు. మేష్టారు స్టూలు దిగి, ఏమీ జరగనట్టు, పెట్టెలో ఎక్కువైన నూనె కిందనుంచి తీసి గాజు కన్ను సగానికి తెచ్చారు. ఆడవాళ్ళిద్దరూ ఊక చల్లి గచ్చు ఊడ్చారు. బెడ్ మీద పొరలా ఉన్న నూనెని మేష్టారు అరచేత్తో పొడుగునా రాశారు. క్యారేజీ అటూ ఇటూ వెన్న మీద నడిచినట్టు నడిచింది.

మీట నొక్కారు. కీచుమనలేదు. తుమ్మెద రొదలా సన్నగా, నిండుగా ఒక మోత మోగింది. గంగరత్నం నోటిమీద వేలు వేసుకుని వింటూ నిలబడింది. ఇత్తడి కడ్డీ తిరుగుతుంటే బంగారు ఉంగరాల్లాంటి రజను రాలింది. పొద్దుగూకేలోగా బుష్షు తయారైంది. మేష్టారు దాన్ని పాతదాని పక్కన పెట్టి, కొలిచి, మళ్ళీ కొలిచి, ఆవిడ చేతిలో పెట్టారు. వెచ్చగా ఉంది.

"బస్సు చాలా బావుందండీ," అంది గంగరత్నం.

రెండు రోజుల తర్వాత పొద్దున్న మేష్టారు ఇడ్లీ కొట్లో కూర్చున్నారు. లోపల మిషను తిరుగుతున్న చప్పుడు వస్తోంది. కొట్టు నిండా జనం. గంగరత్నం రెండు చేతులతోనూ వడ్డిస్తోంది. మేష్టారు ఇడ్లీ తుంచుకుంటూ పేపరు తిప్పారు. మూడో పేజీలో ఒక వార్త ఉంది. 'నల్లమిల్లిపేటలో స్లీపర్ బస్సు ప్రమాదం. ముగ్గురు అధికారులకు గాయాలు. డ్రైవరు పరారీ.'

ఆయన గొంతులో ఇడ్లీ అడ్డం పడింది. నీళ్ళ గ్లాసు అందించిన చెయ్యి ఎవరిదా అని చూస్తే ఎదురుగా జోగారావు. రెండో చేతికి కట్టు ఉంది.

"నిదానం మేష్టారూ," అన్నాడు జోగారావు. "మీకు కబురు చెప్పి వెళ్దామని వచ్చాను. ప్రమాదానికి గురైంది కాబట్టి మీ బస్సు రిజిస్ట్రేషను రద్దు చేశాం. నంబరు ప్లేట్లు విప్పేస్తాను. అది ఇక వాహనం కాదు. మీ లైసెన్సు కూడా రద్దయింది."

"చాలా సంతోషమండీ," అన్నారు మేష్టారు మనస్ఫూర్తిగా. తర్వాత బిక్కుబిక్కుమంటూ పేపరు చూపించారు. "మరి ఇదేంటండీ... డ్రైవరు పరారీ అని..."

"ఆ కేసు నాకే అప్పజెప్పారు. గాలిస్తున్నాం." జోగారావు ఇడ్లీ చట్నీలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. "మీకెక్కడైనా కనబడితే వెంటనే చెప్పాలి. అది పౌరుడిగా మీ బాధ్యత."

"అలాగేనండీ. మనిషి ఎలా ఉంటాడు?"

జోగారావు నమలడం ఆపి, మేష్టారి ముఖంలోకి చాలాసేపు శ్రద్ధగా చూశాడు.

"ఇంచుమించు మీలాగే ఉంటాడండీ," అన్నాడు. "కాకపోతే అతనికి లైసెన్సు ఉంటుంది."